అనాగిరిస్: వేసవిలో నిద్రపోయే పసుపు పూల పొదను గుర్తించడం, మొలిపించడం, బతికించుకోవడం

మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న పొడి కొండల్లో పసుపు పూల పొదలకు కొదవ లేదు. వాటిలో చాలామటుకు చలి తగ్గాకే పూస్తాయి. నవంబరులోనే మొదలుపెట్టి నడి చలికాలమంతా పూసేది అనాగిరిస్ ఫీటిడా. రాతి గట్ల మీద, పొలాల సరిహద్దుల్లో, పాడుబడ్డ కట్టడాల పక్కన పెరిగే ఈ పొద సాధారణంగా ఒకటి నుంచి మూడు మీటర్ల ఎత్తు ఉంటుంది. చిక్కుడు, కంది, తంగేడు ఉన్న కుటుంబమే దీనిదీ. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీనికి ఈ పేరు పెట్టాడు. ఇదే ప్రజాతిలో ఉన్న రెండో జాతి అనాగిరిస్ లాటిఫోలియా కెనరీ దీవుల్లో తప్ప ఇంకెక్కడా లేదు. అది మరీ అరుదు.

ఫీటిడా పోర్చుగల్ నుంచి ఇరాన్ దాకా, దక్షిణాన ఉత్తర ఆఫ్రికా, అరేబియా దాకా కనిపిస్తుంది. అయితే తెరిపి లేకుండా పరుచుకుని ఉండదు. ఒకచోట కొన్ని పొదలుంటే మళ్లీ ఎంతో దూరం వెళ్తే గాని ఇంకో గుంపు కనబడదు. సైప్రస్, ఇజ్రాయెల్ లాంటి చోట్ల దీన్ని చూడటం కష్టం కాదు. ఫ్రాన్స్‌లో మాత్రం 1982 నాటి జాతీయ రక్షిత మొక్కల జాబితాలో ఉంది.

దీన్ని పెంచాలనుకునేవాళ్లు మొదట ఒక విషయం తెలుసుకోవాలి. ఈ మొక్క ఎండకు చావదు, వేసవిలో మనం పోసే నీళ్లకు చస్తుంది. కింద చెప్పిన పద్ధతులన్నీ దీని చుట్టూ తిరిగేవే.

మొదట దీని ఏడాది ఎలా నడుస్తుందో చూడండి

మనకు ఏడాది జూన్ వానతో మొదలవుతుంది. అనాగిరిస్‌కు సెప్టెంబరు చివర, అక్టోబరులో పడే తొలి వానతో మొదలవుతుంది. ఆ తడికి మోడులా ఉన్న కొమ్మలు చిగురిస్తాయి. నవంబరు నుంచి మార్చి దాకా పూత. మార్చి నుంచి కాయలు పచ్చగా వేలాడతాయి. మే నెలలో నేల ఆరుతున్నకొద్దీ ఆకులు పసుపెక్కి రాలడం మొదలవుతుంది. జూన్, జులై నెలల్లో ఆకు లేని కొమ్మల మీద కాయలు ఎండి గోధుమ రంగుకు వస్తాయి. ఆ తర్వాత సెప్టెంబరు దాకా మొక్క కదలదు. సముద్రానికి దూరంగా, చలి ఎక్కువున్న ప్రాంతాల్లో పూత కొంత ఆలస్యంగా వస్తుంది, క్రమం మాత్రం ఇదే.

మధ్యధరా వేసవిలో మూడు నాలుగు నెలలు వాన చుక్క పడదు. ఆకుల్ని నిలుపుకుంటే వాటి గుండా నీరు పోతూనే ఉంటుంది. అందుకని వాటిని వదిలేసి వేరుకు, కొమ్మకు పరిమితమవుతుంది. ఆ దశలో వేర్లు నీటిని పెద్దగా లాగవు. అప్పుడు నీళ్లు పోస్తే వేరు చుట్టూ నిలిచిపోతాయి, వేడికి బూజు తెగుళ్లు విజృంభిస్తాయి, వేరు కుళ్లుతుంది. బయటికి ఏమీ కనిపించదు, ఎందుకంటే వాడిపోవడానికి ఆకులే లేవు. అక్టోబరులో చిగురు రానప్పుడు గాని సంగతి తెలియదు.

మీ ఊరు దీనికి తగినదేనా?

ఆంధ్రప్రదేశ్‌లో గాని తెలంగాణలో గాని దీన్ని నేలలో నాటమని చెప్పలేం. దీనికి నిద్రవేళ అయిన జూన్, సెప్టెంబరుల మధ్యే మనకు ఎక్కువ వానలు. వేడి, తడి కలిసి వచ్చే కాలం దాని వేరుకు పడదు. పైగా విషపు మొక్క, మేకలు, పిల్లలు తిరిగే చోట పెట్టదగింది కాదు. పొడి నేలలో పసుపు పూల పొద కావాలంటే తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడు ఉండనే ఉంది. అది మన వానకు అలవాటు పడ్డది. అధ్యయనం కోసం విత్తనం తెప్పించుకోవాలన్నా 2003 నాటి భారత ప్రభుత్వ ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, తెగుళ్లు లేవని ఎగుమతి దేశం ఇచ్చే ఫైటోశానిటరీ ధ్రువపత్రం రెండూ ఉండాలి. కవరులో పెట్టి పోస్టులో పంపించుకోవడం కుదరదు.

చలికాలం వాన, ఎండాకాలం కరువు ఉండే ప్రాంతాలు మధ్యధరా బయట కూడా ఉన్నాయి. కాలిఫోర్నియా, దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ చుట్టుపక్కల, ఆస్ట్రేలియాలో పెర్త్, అడిలైడ్ ఇలాంటివే. తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడ్డ కాలిఫోర్నియాలో వాతావరణం సరిగ్గా సరిపోతుంది. సరిపోవడంతోనే చిక్కు కూడా ఉంది. ఐరోపా నుంచి వచ్చిన స్పానిష్ బ్రూమ్, ఫ్రెంచ్ బ్రూమ్ అనే పసుపు పూల పొదలు అక్కడి కొండల్ని ఆక్రమించి స్థానిక మొక్కల్ని తరిమేశాయి. అవి కూడా ఈ కుటుంబానివే. కాబట్టి అక్కడ పెంచితే కుండీలోనే పెంచి, కాయలు ఎండకముందే కోసేయడం మంచిది. స్థానిక మొక్కే కావాలనుకుంటే ఫ్రెమాంటోడెండ్రాన్ చూడండి. అదీ పసుపు పూల పొదే, దానికీ వేసవి నీళ్లు పడవు.

దక్షిణార్ధగోళంలో ఉన్నవాళ్లు కింద ఇచ్చిన ప్రతి నెలకూ ఆరు నెలలు కలుపుకోవాలి. అక్టోబరు అంటే ఏప్రిల్ అన్నమాట.

పొదను గుర్తించడం

చలికాలంలో గుర్తించడం తేలిక. కింది లక్షణాలన్నీ ఒకేచోట కలిస్తేనే నమ్మండి.

- ఆకు: కంది ఆకులా ఒక్కో ఆకులో మూడు పత్రకాలు (చిన్న ఆకులు). ఒక్కో పత్రకం మూడు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల పొడవు, అంచుకు పళ్లు ఉండవు. అడుగుభాగాన పట్టులాంటి సన్నని నూగు వల్ల లేత బూడిద రంగు కనిపిస్తుంది.
- కొమ్మ: లేత కొమ్మలు పచ్చగా ఉంటాయి. ముళ్లు లేవు.
- పూలు: పాత కొమ్మల మీద పొట్టి గుత్తులుగా వచ్చి తలకిందులుగా వేలాడతాయి. ఒక్కోటి సుమారు రెండు సెంటీమీటర్లు. పైనుండే రేకు, అంటే ధ్వజం, చిన్నది. ద్రోణులు అనే కింది రేకుల పొడవులో దాదాపు సగం. ధ్వజం మీద తరచుగా నల్లని లేదా ముదురు గోధుమ మచ్చ ఉంటుంది. పువ్వు విప్పి చూస్తే పది కేసరాలూ విడివిడిగా ఉంటాయి.
- కాయ: 10 నుంచి 20 సెంటీమీటర్లు, బల్లపరుపుగా, గింజల మధ్య నొక్కినట్టు ఉంటుంది.
- వాసన: ఆకు గాని బెరడు గాని నలిపితే దుర్గంధం. ఒక్కసారి చూస్తే చాలు, చేతికి పట్టిన వాసన తొందరగా వదలదు.

పొరబాటు పడేది ఎక్కువగా నాలుగైదు మొక్కలతో. కొరొనిల్లా వాలెంటీనా కూడా చలికాలం చివర పూస్తుంది, కానీ దాని ఆకులో పత్రకాలు మూడు కంటే ఎక్కువ, పూలు నిటారుగా ఉండి మంచి వాసన ఇస్తాయి. మెడికాగో అర్బోరియాకు మూడు పత్రకాలే గాని కాయ చుట్ట తిరిగి ఉంటుంది. కాలికోటోమే ముళ్ల పొద. స్పార్టియం కొమ్మలు రెల్లుపుల్లల్లా ఉంటాయి, ఆకులు దాదాపు కనిపించవు, పూత వేసవి మొదట్లో. లాబర్నం మూడు పత్రకాల ఆకుతో, వేలాడే పసుపు పూలతో కంగారు పెడుతుంది, అయితే అది చలికాలంలో ఆకు రాల్చి వేసంగి ముందు పూసే చెట్టు. ఆకు ఎప్పుడు రాలుతుందన్నదే రెంటికీ తేడా.

ఆగస్టులో వెతికితే ఎండిన మోడులా కనిపిస్తుంది. వేలాడుతున్న పాత కాయలే ఆనవాలు. కొమ్మ బెరడును గోటితో సన్నగా గీకి చూడండి. కింద పచ్చదనం ఉంటే మొక్క బతికున్నట్టే.

విషం గురించి, విత్తనం ముట్టుకునే ముందే

మొక్క అంతటా, ముఖ్యంగా గింజల్లో, సైటిసిన్, అనాగిరిన్ అనే ఆల్కలాయిడ్లు ఉంటాయి. అనాగిరిన్‌కు ఆ పేరు ఈ మొక్క నుంచే వచ్చింది. సైటిసిన్ శరీరంలో నికోటిన్ పనిచేసే గ్రాహకాల మీదే పనిచేస్తుంది. వాంతులు, కళ్లు తిరగడం, చెమటలు, నీరసం, గుండె కొట్టుకోవడంలో తేడా, మోతాదు పెరిగితే ఊపిరికి ఇబ్బంది. క్రీ.శ. మొదటి శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయోస్కోరిడీస్ కూడా ఈ గింజలు నమిలితే విపరీతంగా వాంతులవుతాయని రాశాడు. పాత పుస్తకంలో మందుగా ఉంది కదా అని ఇవాళ ఎవరూ వాడకూడదు.

ప్రమాదం ఎక్కడుందంటే గింజ తినే చిక్కుడు గింజలాగే ఉంటుంది. అందుకని:

- గింజల్ని వంటగదిలో పెట్టవద్దు. సీసా మీద "విషం" అని మొక్క పేరుతో పాటు రాయండి.
- నానబెట్టడానికి, వేడినీళ్లకు వంట గిన్నెలు వాడవద్దు.
- ఆకు, కొమ్మ కోసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి, తర్వాత సబ్బుతో కడుక్కోండి.
- కత్తిరించిన కొమ్మలు పశువులకు అందకుండా పారేయండి. వాసనకు మేకలు మామూలుగా దూరంగానే ఉంటాయి, ఆకలి మీదున్న జంతువును నమ్మలేం.

అనాగిరిన్ కొన్ని లూపిన్ మొక్కల్లో కూడా ఉంది. చూలు కట్టిన 40 నుంచి 100 రోజుల మధ్య ఆవులు వాటిని మేస్తే దూడలు వంకర కాళ్లతో పుట్టడం అమెరికా పశ్చిమ రాష్ట్రాల రైతులకు తెలిసిన సమస్య. కాబట్టి పాడి పశువులున్న చోట ఈ పొద వద్దు.

ఎవరైనా గింజ నమిలి మింగితే ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నాలు చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఐరోపాలో అయితే 112కు ఫోన్ చేయండి. కాయనో గింజనో వెంట పట్టుకెళ్తే డాక్టరుకు పని సులువవుతుంది.

విత్తనం సంపాదించడం

ముందు చట్టం. ఫ్రాన్స్‌లో అడవి పొద నుంచి కొమ్మ గాని గింజ గాని తీయడం నేరం. స్పెయిన్, ఇటలీల్లో ప్రాంతాన్ని బట్టి నియమాలు మారతాయి, అక్కడి పర్యావరణ కార్యాలయాన్ని అడగండి. అన్నిటికన్నా సవ్యమైన దారి వృక్షోద్యానాల విత్తన మార్పిడి. చాలా వృక్షోద్యానాలు తమ దగ్గరున్న విత్తనాల పట్టికను ఏటా విడుదల చేస్తాయి. మధ్యధరా మొక్కలు పెంచే నర్సరీలు కూడా అమ్ముతాయి. కొనేటప్పుడు విత్తనం ఏ ప్రాంతపు పొదలదో అడిగి రాసుకోండి. విడివిడి గుంపులుగా బతికే మొక్క కనుక ఒక ప్రాంతపు విత్తనాన్ని ఇంకో ప్రాంతపు అడవి గుంపు పక్కన నాటకూడదు.

అనుమతి ఉండి మీరే సేకరిస్తుంటే కాయ పూర్తిగా గోధుమ రంగుకు వచ్చి, ఊపితే గలగలలాడే దాకా ఆగండి. పచ్చి కాయ కోసి ఎండబెడితే గింజ ముడుచుకుపోతుంది. విత్తన బ్యాంకుల వాళ్లు పాటించే లెక్క, ఆ రోజు పండి ఉన్న గింజల్లో 20 శాతానికి మించి తీసుకోకూడదు. ఇంట్లో రెండు కుండీలకు అంత కూడా అక్కర్లేదు, పది పన్నెండు గింజలు చాలు. ఒకే పొద నుంచి కాకుండా ఐదారు పొదల నుంచి తలా రెండు తీసుకోండి.

కాయలు ఒలిచాక గింజల్ని నీడలో వారం పది రోజులు ఆరనివ్వండి. మంచి గింజ సుమారు సెంటీమీటరు పొడవుతో గట్టిగా, నునుపుగా ఉంటుంది. రంగు ఊదా నుంచి పసుపు దాకా మారుతుంది. గుండ్రటి చిన్న రంధ్రం ఉన్నవి పురుగు తొలిచినవి, తీసేయండి. వెంటనే నాటకపోతే సిలికా జెల్ పొట్లంతో మూత బిగుతుగా ఉండే సీసాలో పెట్టి నాలుగైదు డిగ్రీల చల్లదనంలో ఉంచండి. విత్తన బ్యాంకుల్లో అయితే గాలిలో తేమ 15 శాతం, వేడిమి 15 డిగ్రీలు ఉండే గదిలో ఆరబెట్టి తర్వాత మైనస్ 20 డిగ్రీల్లో దాస్తారు.

గింజ తొక్కను తెరవడం: ఓపిక పట్టాల్సిన మెట్టు

కోసిన గింజను నేరుగా మట్టిలో పెడితే నెలల తరబడి అలాగే ఉంటుంది. లోపల మొలక సిద్ధంగానే ఉంటుంది, తొక్క నీటిని లోపలికి రానివ్వదు. అడవిలో ఎండ, వాన, రాతి రాపిడి కలిసి ఆ తొక్కను నిదానంగా పగులుస్తాయి. ఒకేసారి అన్నీ మొలిచి ఒకే కరువుకు చచ్చిపోకుండా ఇదొక ఏర్పాటు. ఆ పని మనం చేతితో చేయాలి.

1. గింజ నడుమ పక్కన కాయకు అతుక్కుని ఉన్న మచ్చను గుర్తించండి. మొలక వేరు ఆ మచ్చకు దగ్గరలోనే ఉంటుంది. కాబట్టి పని అంతా దానికి ఎదురు పక్కన, అంటే గింజ వీపు మీద చేయాలి.
2. సాండ్‌పేపర్ మీద వీపు భాగాన్ని రుద్దండి. 120 నంబరు గరుకు సరిపోతుంది. మెరుపు పోయి, ముదురు తొక్క కింద లేత రంగు గుండుసూది తలంత కనిపించగానే ఆపేయండి. నెయిల్ కట్టర్‌తో చిన్న పెచ్చు తీసినా ఫలితం ఒకటే, కానీ చేయి జారితే పప్పు తెగుతుంది. పప్పు తెగిన గింజ నానాక ఆ గాయం దగ్గర కుళ్లుతుంది.
3. గది వేడిమిలో ఉన్న నీటిలో 12 నుంచి 24 గంటలు నానబెట్టండి. గింజల కంటే నీళ్లు కనీసం ఐదింతలుండాలి.
4. తెల్లారి చూడండి. ఉబ్బినవి తీసి అదేరోజు నాటండి. ఉబ్బనివాటిని తుడిచి, మరికొంత రుద్ది, మళ్లీ నానబెట్టండి. 24 గంటలు దాటి నీళ్లలో ఉంచితే గాలి ఆడక గింజ చచ్చిపోతుంది.

గింజలు ఎక్కువుంటే వేడినీళ్ల పద్ధతి ఉంది. నీళ్లు మరిగించి పొయ్యి మీద నుంచి దింపి, 80 డిగ్రీలకు తగ్గాక గింజల మీద పోసి, అలాగే చల్లారనిచ్చి రాత్రంతా ఉంచాలి. గింజల్ని పొయ్యి మీద ఉడికించకూడదు. ఈ పద్ధతిలో తొక్క అన్నిటికీ సమానంగా తెరుచుకోదు, కొన్ని ఉబ్బుతాయి, కొన్ని మొండికేస్తాయి, వేడి ఎక్కువైతే కొన్ని చస్తాయి. ఇరవై గింజల లోపు ఉంటే చేతితో రుద్దడమే మేలు. ప్రయోగశాలల్లో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడతారు. ఇంట్లో దాని జోలికి వెళ్లవద్దు.

మట్టి, కుండీ, విత్తడం

విత్తే కాలం సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు నెలాఖరు దాకా. మొలక లేచాక దానికి ఆరేడు నెలల చల్లని కాలం దొరకాలి. వేరు లోతుకు దిగేది అప్పుడే. ఏప్రిల్‌లో విత్తితే నెల రోజుల్లోనే ఎండలు ముదురుతాయి, చిన్న వేరుతో వేసవిలోకి వెళ్తుంది, అది దాటడం కష్టం.

పది లీటర్ల మిశ్రమానికి: రెండు నుంచి ఐదు మిల్లీమీటర్ల ముతక ఇసుక లేదా ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి) ఐదు లీటర్లు, తోట మట్టి మూడు లీటర్లు, బాగా చివికిన ఆకు ఎరువు రెండు లీటర్లు. సున్నపురాయి నేలల్లో ఈ పొద హాయిగా ఉంటుంది, కాబట్టి మట్టి ఉదజని సూచిక (pH) ఏడు, ఎనిమిది మధ్య ఉంటే మంచిది. మీ తోట మట్టి ఆమ్లగుణంతో ఉంటే రెండు గుప్పిళ్ల సున్నపురాయి పొడి కలపండి. కొబ్బరి పీచు పొడి ఎక్కువగా పోసిన రెడీమేడ్ మిశ్రమాలు వద్దు. అవి తడిని పట్టుకుని వదలవు, ఒకసారి బాగా ఆరితే మళ్లీ నీటిని తొందరగా తీసుకోవు.

కుండీ వెడల్పు కంటే లోతు ముఖ్యం. పది సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల లోతు ఉంటే మొదటి ఏడాదికి సరిపోతుంది. అడుగు రంధ్రాలు మూసుకుపోకుండా చూడండి. ఒక్కో కుండీలో ఒకే గింజ, ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల లోతున పెట్టి, పైన సెంటీమీటరు మందాన సన్న గులకరాళ్లు పరచండి. గులక వల్ల పైపొర తొందరగా ఆరుతుంది, మొలక మెడ దగ్గర బూజు పట్టదు.

ఒకసారి అడుగు నుంచి నీళ్లు కారేలా తడపండి. ఆ తర్వాత పైన రెండు సెంటీమీటర్లు ఆరాకే మళ్లీ తడపాలి. 15 నుంచి 20 డిగ్రీల వేడిమి ఉంటే రెండు మూడు వారాల్లో మొలకలు కనిపిస్తాయి. కుండీ కింద పెట్టే వేడి మ్యాట్ అక్కర్లేదు. వేడి పెరిగితే మొలకెత్తడం కంటే కుళ్లడమే ముందు జరుగుతుంది.

మొలక రాగానే పూర్తి వెలుతురులోకి మార్చండి. కిటికీ దగ్గర పెంచితే సన్నగా సాగి పడిపోతాయి. చలికాలమంతా బయటే, గడ్డకట్టే రాత్రుల్లో మాత్రం కప్పు కింద. ఎరువు దాదాపు అవసరం లేదు. నత్రజని ఎక్కువ వేస్తే మెత్తని కొమ్మలు వస్తాయి, వేరు వెనకబడుతుంది.

మొదటి వేసవి

ఎక్కువ మొక్కలు పోయేది ఇక్కడే, అదీ రెండు రకాలుగా. కొందరు ఆకులు పసుపెక్కగానే భయపడి రోజూ నీళ్లు పోస్తారు. మరికొందరు నిద్రపోతుంది కదా అని కుండీని ఎండలో వదిలేస్తారు. నేలలో ఉన్న పొదకు అరమీటరు లోతున చల్లగానే ఉంటుంది. నల్ల ప్లాస్టిక్ కుండీలో మట్టి జులై మధ్యాహ్నం వేరు తట్టుకోలేనంత వేడెక్కుతుంది. నిద్రపోతున్న వేరు కూడా ఆ వేడికి ఉడుకుతుంది.

ఏప్రిల్ మధ్య నుంచి నీళ్లు పోసే విరామాన్ని పెంచుకుంటూ వెళ్లండి. వారానికోసారి పోసేది పది రోజులకు, తర్వాత రెండు వారాలకు. ఆకులు రాలడం మొదలైతే ఆపే ప్రయత్నం చేయవద్దు. అన్నీ రాలాక కుండీని పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చోటికి మార్చి, ఇంకో పెద్ద కుండీలో పెట్టి మధ్య ఖాళీని ఇసుకతో నింపండి, లేదా కుండీని అంచు దాకా నేలలో పాతండి. రెండు మూడు వారాలకొకసారి సాయంత్రం పూట ఒక గ్లాసు నీళ్లు, అంటే సుమారు 200 మిల్లీలీటర్లు. మట్టి పూర్తిగా దుమ్ము కాకుండా ఉండటానికే అది. వేసవి వానలు పడే ఊరైతే వాన తగలని చోట పెట్టండి.

సెప్టెంబరు చివర రాత్రులు చల్లబడ్డాక ఒకసారి బాగా తడపండి. మొగ్గలు ఉబ్బడం కనిపించాకే మామూలు తడి మొదలుపెట్టాలి.

నేలలో నాటడం

రెండో శరదృతువులో, తొలి మంచి వాన పడ్డాక, అక్టోబరు లేదా నవంబరులో నాటండి. దక్షిణానికో పడమరకో తిరిగిన వాలు, రాళ్లు కలిసిన నేల మేలు. గుంతను పొడవు, వెడల్పు, లోతు మూడూ 40 సెంటీమీటర్లు ఉండేలా తవ్వి, నీళ్లు నింపి చూడండి. మర్నాటికి కూడా నీళ్లు నిలిచే ఉంటే ఆ చోటు వద్దు, లేదా రాళ్లు, ఇసుక కలిపిన మట్టితో 20 సెంటీమీటర్ల మెరక వేసి దాని మీద నాటండి. గుంతలో పశువుల ఎరువు వేయకూడదు. తీసిన మట్టినే తిరిగి నింపండి. బంకమట్టి గుంతలో మంచి మట్టి నింపితే చుట్టూ ఉన్న నీరంతా అక్కడికే చేరుతుంది.

కుండీ నుంచి తీసేటప్పుడు వేరు గడ్డ చెదరకుండా చూడండి. పెద్దయ్యాక మళ్లీ తవ్వి మార్చే ఆలోచన పెట్టుకోవద్దు. మొక్కకూ మొక్కకూ రెండు నుంచి రెండున్నర మీటర్లు. నాటిన రోజు పది లీటర్లు పోయండి. మొదటి చలికాలంలో మూడు వారాలు వాన లేకపోతే మరో పది లీటర్లు. తర్వాతి వేసవిలో నెలకు ఐదు లీటర్లు మించకూడదు. రెండో వేసవి నుంచి ఏమీ వద్దు. డ్రిప్ పైపు ఆ వైపు వెళ్తుంటే అక్కడ మూసేయండి. పచ్చిక మధ్యలో, రోజూ స్ప్రింక్లర్ తడిపే చోట ఇది బతకదు.

తేలికపాటి మంచును తట్టుకుంటుంది. కానీ పూత చలికాలంలోనే కాబట్టి గట్టి మంచు పడితే ఆ ఏడు పూలు నల్లబడిపోతాయి. అలాంటి ఊళ్లలో దక్షిణం వైపు గోడవార నాటాలి.

కత్తిరింపు, కాయలు

పూలు వచ్చేది కిందటేటి కొమ్మల మీద. ఆకులు రాకముందు తీర్చిదిద్దుదామని సెప్టెంబరులో కత్తిరిస్తే రాబోయే పూతనంతా కోసేసినట్టే. పూత అయిపోయిన వెంటనే, మార్చి చివర, ఎండలు ముదరకముందే కత్తిరించండి. అప్పుడైతే వేసవిలోపు కొత్త కొమ్మ పెరగడానికి వ్యవధి ఉంటుంది. ఏటా ఎండినవి, అడ్డదిడ్డంగా పెరిగినవి తీస్తే చాలు. కాయలు కావాలనుకునే కొమ్మల్ని వదిలేయండి.

పూలున్నా కాయలు పడకపోతే కారణం చాలాసార్లు పక్షులు. 2005లో స్పెయిన్ పరిశోధకులు ప్రచురించిన పనితో, ఐరోపాలో స్థానిక పక్షుల చేత పరాగ సంపర్కం జరుపుకునే మొక్కగా మొదట నిర్ధారణ అయినది ఇదే. బ్లాక్‌క్యాప్, సార్డీనియన్ వార్బ్లర్, చిఫ్‌చాఫ్ అనే చిన్న పిట్టలు చలికాలంలో ఈ పూల పలుచని మకరందం కోసం వస్తాయి, వాటి నుదుటికి, ముక్కు చుట్టూ పుప్పొడి అంటుకుంటుంది. పురుగులు తక్కువగా తిరిగే కాలంలో పూయడానికి ఈ పిట్టలే ఆసరా. గాజు ఇంట్లో గాని, పిట్టలు రాని బాల్కనీలో గాని పెంచితే ఆ పని మనదే. ఎండ ఉన్న మధ్యాహ్నం పువ్వు ద్రోణుల్ని వేలితో మెల్లగా కిందికి నొక్కితే కేసరాలు, కీలాగ్రం (పుప్పొడిని అందుకునే కొన) బయటికి వస్తాయి. మెత్తని కుంచెతో ఒక మొక్క పుప్పొడిని ఇంకో మొక్క కీలాగ్రానికి తాకించండి. రెండు మూడు రోజుల తేడాతో మళ్లీ చేస్తే కాయలు పడే అవకాశం పెరుగుతుంది.

ఏదైనా తేడా వస్తే

గింజ ఉబ్బింది, మొలవకముందే మెత్తబడి కంపు కొట్టింది: పప్పు తెగిందో, మిశ్రమంలో ఇసుక చాలలేదో చూడండి. మిగతా గింజలకు ముతక ఇసుక పాళ్లు పెంచండి, తడి తగ్గించండి.

మొలక మెడ దగ్గర సన్నబడి పడిపోయింది: బూజు తెగులు. పక్క కుండీలకు వెంటనే నీళ్లు ఆపి, గాలి తగిలే చోటికి మార్చండి. ఒక గిన్నెలో పది మొలకలు కాకుండా ఒక్కోదానికి ఒక్కో కుండీ వాడమనేది ఇందుకే.

జనవరిలో ఆకులు పసుపెక్కాయి: మేలో ఇది మామూలే, జనవరిలో కాదు. వేరుకు నీరు నిలిచింది. కుండీని వంచి అడుగు రంధ్రాలు పొడవండి, పై మట్టి ఆరేదాకా నీళ్లు వద్దు. నేలలో అయితే పక్కన పల్లం వైపు చిన్న కాలువ తీయండి.

దాచిన గింజల్లో రంధ్రాలు, సీసా అడుగున పొడి: కాయలోనే గుడ్డు పెట్టిన పురుగు బయటికి వచ్చింది. బాగా ఆరిన మిగతా గింజల్ని మూతబిగించిన సీసాలో వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెడితే లోపలున్నవి చస్తాయి. తడి ఉన్న గింజల్ని మాత్రం పెట్టకండి, పురుగుతో పాటు మొలక కూడా పోతుంది. ఆ సీసా ఫ్రీజర్‌లో ఆహారం పక్కన ఉండకూడదు.

అక్టోబరు వచ్చింది, చిగురు లేదు: ముందు కొనకొమ్మ గీకండి, పచ్చగా లేకపోతే కిందికి, ఇంకా కిందికి, మొదలు దాకా గీకుతూ రండి. ఎక్కడ పచ్చదనం కనిపిస్తే దానికి ఒక వేలు పైన కోసేసి ఆగండి. అన్నిచోట్లా గోధుమ రంగే ఉండి, కొమ్మ వంచితే పుటుక్కున విరిగితే కుండీ బోర్లించి వేరు చూడండి. వేరు నల్లబడి, పైతొక్క వేళ్లకే ఊడివస్తే అది నీళ్ల వల్ల పోయినట్టు. వేరు గట్టిగా ఎండిపోయి ఉంటే వేడికి, కరువుకు పోయినట్టు. తర్వాతి మొక్కకు జులైలో ఆ గ్లాసు నీళ్లు తగ్గించాలో పెంచాలో దాన్నిబట్టి నిర్ణయించుకోండి.